పిలక వేయని అరటి

వేమగల్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక తోటపనికి మళ్ళీ గిరాకీ పెరిగింది. గేటు ముందర నాలుగు పచ్చటి ఆకులుంటేనే ఫ్యాక్టరీకి మర్యాద అని యజమానులకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆ పనిలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను వెతుక్కుంటూ కోలారు బంగారు గనుల దగ్గరి ఊరిగాం వస్తుంటారు. వాళ్ళలో ఎక్కువమంది అడిగేది అలంకారపు అరటి గురించే. పండు కోసం కాకుండా ఆకు రంగు కోసం, పువ్వు అందం కోసం పెంచే అరటి అన్నమాట. "తాతా, మా చెట్టు ఆకంతా అంచు కాలిపోతా ఉండాది, ఏం చేయాల?" అని ఫోనులో ఫొటో చూపిస్తారు. ఫొటో చూసి వైద్యం చెప్పడానికి నేనేమైనా స్వామీజీనా? మట్టి తెచ్చి చూపించమంటాను. సగం మంది మళ్ళీ రారు. వచ్చినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు మునివెంకటప్ప. బంగారు గనులను సర్కారు తీసుకున్న కొన్నేళ్ళకు కంపెనీ ఎస్టేటు విభాగంలో తోటమాలిగా చేరాను. గనులు మూసేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, వచ్చినవి రెండే. ఏ పుస్తకంలోనైనా దొరికే ఎరువుల కొలతలు కూడా రాయను. నాకు బుద్ధి వచ్చిన సందర్భాలు మాత్రం రాస్తాను. వాటిలో ఒకటి నా తలకు మించినది. దాన్ని చివరికి పెట్టుకుని, ముందు తేలికైనవి చెబుతాను.

మట్టి దగ్గర తిన్న దెబ్బ

మా నాన్న పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడు. నన్ను మాత్రం మా అమ్మ దిగనివ్వలేదు. "ఇంటికి ఒకడు దిగేది చాలదా?" అంది. అలా నేను భూమి పైన మిగిలిపోయాను. షిఫ్టు దిగి వచ్చే మా నాన్న స్నేహితులు బంగళా కంచె దగ్గర ఆగి, "ఏమప్పా, పూలకు నీళ్ళు పోసి పోసి అలిసిపోతివా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. వాళ్ళు వచ్చిన చోటు తలచుకుని నీళ్ళ డబ్బా కింద పెట్టేసేవాణ్ణి.

మా ఊళ్ళో నీళ్ళకు కరువు, ఇసుకకు లేదు. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి ఊరి చుట్టూ కొండల్లా పోసి ఉంటుంది. సైనైడు దిబ్బలంటాం. చేరిన కొత్తలో నాకు ఇరవై తొట్లలో చిన్న జాతి అరటి పెట్టమని చెప్పారు. అరటి వేరుకు గుల్ల మట్టి కావాలని నాకు తెలుసు. మా తాత చేలో అరటి చూసినవాణ్ణి, తెలియకేం? ఎదురుగా అంత సన్నటి ఇసుక ఊరికే పడి ఉంటే వాగు ఇసుక కోసం బండి ఎందుకనుకుని, దిబ్బ నుంచి ఎత్తుకొచ్చి సగానికి సగం కలిపాను.

మూడు వారాలకు ఆకుల అంచులు కాలిపోయాయి. దాహమేమోనని ఇంకా నీళ్ళు పోశాను. పోసినకొద్దీ తొట్టి పైన మట్టి గట్టిపడింది. మా మేస్త్రీ వచ్చి, వేలితో పొడిచి చూసి, వేలు దిగక చేతికర్రతో కొట్టాడు. ఠంగుమంది.

"ఏమప్పా, చెట్టు నాటినావా, గోడ కట్టినావా?" అన్నాడు.

ఆ పిండి నీళ్ళు తగిలితే బిగుసుకుపోతుంది. అందులో ఉండే మందు వేరును తినేస్తుంది. ఇరవై మొక్కల్లో నాలుగు బతికాయి. ఇప్పుడు కూడా దిబ్బ ఇసుకతో తొట్లు నింపేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. ఊరికే దొరికేది మంచిదే అయ్యుంటుందన్న నమ్మకం మాకు పుట్టుకతో వచ్చింది. ఎర్రమట్టి, చెరువు మట్టి, ఏడాది మాగిన పేడ, కాస్త వాగు ఇసుక, ఇంతే కావాలి. తొట్టి కుండంత ఉంటే సరిపోదు, నూనె డ్రమ్మును సగానికి కోసి వాడండి. కన్నాలు అడుగున కాకుండా రెండు వేళ్ళు పైన, పక్కన పెట్టండి. గాలి ఆకును పీలికలు చేస్తుంది కాబట్టి గోడ చాటున నిలపండి. పెంపకం గురించి చెప్పాల్సింది ఇంతకంటే పెద్దగా లేదు.

దొరగారి అతిథి

సర్కారు వచ్చాక బంగళాల్లోకి మనవాళ్ళే వచ్చారు, అయినా మేము దొర అనడం మానలేదు. వాళ్ళు కూడా వద్దనలేదు. పాత దొరలు గులాబీలు, కొత్త దొరలు కూరగాయలు అడిగేవాళ్ళు. అలా వచ్చిన ఒకాయన తోటలో ప్రతి చెట్టూ ఏదో ఒకటి కాయాలని హుకుం వేశాడు. అప్పుడు మా దగ్గర గులాబీ రంగు పండ్లు కాసే చిన్న అరటి ఉండేది. మనిషి ఎత్తు కూడా పెరగదు. వేలెడంత కాయలు, పైన నూగు, పండగానే తొక్క తనంతట తానే విచ్చుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల మాత్రం గుజ్జు కంటే గింజలే ఎక్కువ.

దొరగారింటికి బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పొద్దున తోటలో తిరుగుతూ, ఎవరినీ అడగకుండా పండు ఒకటి కోసి నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమన్న చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినిపించింది. దవడ పట్టుకుని లోపలికి పోయాడు. దొరగారు మమ్మల్ని పిలిచి, "తినడానికి పనికిరానిది పండులాగా ఎందుకు పెంచినారు?" అని గద్దించాడు.

మేస్త్రీ చేతులు కట్టుకుని, "రోజాపువ్వు కూడా తినరు గదా సార్," అన్నాడు.

లోపలి నుంచి అమ్మగారి నవ్వు వినిపించింది. ఆ నవ్వుతో మా ఉద్యోగాలు నిలబడ్డాయి. ఆ దొర చెడ్డవాడు కాదు. తెలియనిది అడిగేవాడు, చెబితే వినేవాడు. అడగకుండా కోసుకునేవాళ్ళతోనే తంటా. కొన్నాళ్ళకు నేనే ఆ పని చేస్తానని అప్పుడు తెలియదు.

దేవసహాయం మేస్త్రీ

ఇందాకటి నుంచి మేస్త్రీ అంటున్నది దేవసహాయం గారిని. తమిళం ఆయనది, తెలుగు మా దగ్గర నేర్చుకున్నది. పాత దొరల కాలంలో చిన్న పనివాడిగా చేరి మేస్త్రీ అయ్యాడు. ఆయన చేత్తో కొమ్మ నరికినా కొమ్మకు నొప్పి తెలియదనేవాళ్ళం.

ఆయనలో ఒక లోపం ఉండేది, ఆయన మీద నాకెంత గౌరవమున్నా చెప్పక తప్పదు. తనకు తెలిసిన విద్యను తాళం వేసి దాచుకునేవాడు. ఎలా చేయాలో చూపేవాడు కానీ ఎందుకో చెప్పేవాడు కాదు. అడిగితే "చేస్తా ఉండు, తెలుస్తాది" అనేవాడు. ఆ కాలం మేస్త్రీలంతా అంతే. ఈ రాతలో రాబోయే తప్పులో నా పాలు తొంభై, ఆయన పాలు పది. ఆ పది కూడా నేను తగ్గించను.

కూనూరు వైపు ఒక తోటలో పనిచేసే తన చుట్టం ద్వారా ఆయన కొన్ని గింజలు తెప్పించాడు. ఒక్కొక్కటి బఠాణీ కంటే పెద్దది, నల్లగా రాయిలా ఉండేది. వేడినీళ్ళలో నానబెట్టి, గరుకు రాయి మీద అరగదీసి, గోనె కింద పెట్టి నెలల తరబడి కాచుకున్నాడు. మొలిచినవి రెండే. మూడేళ్ళలో ఆ రెండూ బంగళా మెట్లకు అటూ ఇటూ ఏనుగు కాలంత లావున నిలబడ్డాయి. ఆకు పైన ముదురు పచ్చ, కింద నెత్తురు ఎరుపు, నడిమి ఈనె వంకాయ రంగు. ఎండ వెనక నుంచి పడితే ఆకంతా దీపం వెలిగించినట్టుండేది. తోటపని ఆడవాళ్ళు దానికి దొరసాని అరటి అని పేరు పెట్టారు. కాయదు, ఒంగదు, మెట్ల దగ్గరే నిలబడుతుంది అని నవ్వుకునేవాళ్ళు.

మేస్త్రీ మరుసటి వేసవికల్లా రిటైరు కావాలి. ఆలోపు అవి పువ్వు వేస్తే విత్తనం పట్టుకుని పోవాలని ఆయన కోరిక. ఆ మాట అందరితో అనేవాడు. విత్తనమే ఎందుకు, మామూలు అరటిలాగా పిలకలు తీసుకుపోవచ్చు కదా అని నాకు తోచలేదు. తోచినా అడిగేవాణ్ణి కాదు, ఆయన చెప్పేవాడు కాదు.

ఆయుధపూజ

ఆయుధపూజ అంటే మా ఊళ్ళో మామూలు పండగ కాదు. మనుషులను గనిలోకి దించే ఇనుప బోనును కేజీ అంటాం. దానికి పసుపు కుంకుమ పూసి, దాని నోటికి రెండు పక్కలా అరటి చెట్లు కట్టి, గుమ్మడికాయ కొట్టాకే మర్నాడు షిఫ్టు దిగేది. క్యాసంబళ్ళి నుంచి అరటి బండ్లు వచ్చేవి. ఆ ఏడాది వానకు దారి తెగి బండ్లు సగమే వచ్చాయి. మా నాన్న దిగే షాఫ్టుకు, అంటే గని బావికి, చెట్లు దొరకలేదు.

పొద్దున్నే మా నాన్న షిఫ్టువాళ్ళు ఇద్దరు నా దగ్గరికి వచ్చారు.

"మునెంకటా, అరటి లేకుండా పూజ చేసేది ఎట్లప్పా? రేపు కేజీలో కాలు పెట్టాలంటే మనసు ఒప్పల్ల. నీ తోటలో ఉండేవి రెండు ఇయ్యి," అన్నారు.

మేస్త్రీ కూతురి ప్రసవమని వారం సెలవులో ఉన్నాడు. దొరగారి కుటుంబం ఊళ్ళో లేదు. తోటలో మామూలు అరటి ఒక్కటీ లేదు, గులాబీ రంగువి మరీ పొట్టివి. జోడుగా, లావుగా, ఎత్తుగా ఉన్నవి మెట్ల దగ్గరివే.

ఇవ్వనని చెప్పలేకపోయాను. ఆ కేజీలో మర్నాడు దిగేది మా నాన్న. పైగా నాకు అరటి తెలుసు కదా! మొదలు నరికితే నెల తిరక్కుండా చుట్టూ పిలకలు లేస్తాయి. మా తాత చేలో ఎన్ని చూశాను! మేస్త్రీ వచ్చేలోపు మొలకలు కనిపించకపోయినా, ఇంకో మూడు వారాల్లో ఒకటికి నాలుగు వస్తాయి. అప్పుడు చెబితే నవ్వేస్తాడు. ఈ లెక్కతో నేనే కొడవలి పట్టి రెండూ మోకాలెత్తున నరికి ఇచ్చాను. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళ దగ్గర మాట తీసుకున్నాను. షాఫ్టు దగ్గర ఆ ఎర్ర ఆకులు ఎంత బాగున్నాయో మా నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. పూజ అయ్యాక వాటిని దిబ్బ అవతల పారేశారు.

నాగమ్మ

మా తోటపని ఆడవాళ్ళలో నాగమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు లేడు. ఇద్దరు ఆడపిల్లలు, ముసలి మామ. రోజు కూలీగా మూడేళ్ళు చేసింది. ఆ ఉగాదికి పర్మనెంటు జాబితాలో పేరు ఎక్కుతుందని దొరగారు తానే చెప్పి ఉన్నాడు. ఆమెకు ఆ జాబితా ఒక్కటే ఆధారం.

చెట్లు నరికిన మర్నాడు నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా మామకు ఉచ్చ మంట. అరటి మొదట్లో గుంత తీస్తే ఊరే నీళ్ళు తాపమంటారు. ఈ మోట్లో తీసుకోనా?"

"ఎట్లా కొట్టేసినదే గదమ్మా, తీసుకో," అన్నాను.

కుడి పక్క మోడులో కత్తితో లోతుగా గుంత చేసి, పైన ఆకు కప్పి, రోజూ పొద్దున ఊరిన నీళ్ళు చెంబులో పట్టుకునేది. నీళ్ళు తగ్గితే ఇంకా లోతుకు తవ్వేది. ఎడమ పక్క మోడును నేను చూసుకుంటున్నాను. పేడ వేశాను, నీళ్ళు పోశాను, ఎండ తగలకుండా గోనె కప్పాను.

అయిదో రోజు మేస్త్రీ తిరిగొచ్చాడు. గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. మెట్ల పక్కన నాగమ్మ కత్తి పట్టుకుని మోట్లో తవ్వుతోంది. ఆయన అరిచిన అరుపు అంతకుముందూ వినలేదు, ఆ తరువాతా వినలేదు.

"యెవురు కొట్టినారు?"

నాగమ్మ లేచి నిలబడి, "కొట్టింది నాకు తెలీదు మేస్త్రీ. అన్న మోడు తీసుకోమంటే నీళ్ళు తీసుకొంటా ఉండాను," అని నా వైపు చూసింది.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. నెల రోజులు నోరు మూసుకుంటే చాలనుకున్నాను. "పండగని ఇంటికాడ ఉంటిని మేస్త్రీ. వచ్చి చూసేతలికి ఇట్లుండాది," అన్నాను. నాగమ్మకు తీసుకోమని చెప్పావా అని అడిగాడు. "కింద పడిన ఆకు తీసుకోమంటిని," అన్నాను.

ఇంత చిన్న మాట. నాగమ్మ చేతిలోని కత్తిని మోడు పక్కన పెట్టేసింది.

పండగ పూట అరటి చెట్లకు ఎంత గిరాకీయో అందరికీ తెలుసు. నాగమ్మే నరికి బజారులో అమ్ముకుందని తేల్చారు. దొరగారు రాగానే ఆమె పేరు కొట్టేశాడు. మేస్త్రీ ఆ కుడి పక్క గడ్డను చూడలేక, పెకలించి గోడ అవతల పారేయమన్నాడు. పారేసింది నేనే. నాగమ్మ పోతూ పోతూ దాన్ని గోనెలో వేసి నెత్తిన పెట్టుకుంది.

"మేస్త్రీ, ఇంకొక మోడుండాది గదా. పిలకలొస్తాయి," అన్నాను ఆ సాయంత్రం, ఆయనను ఊరడించడానికి.

ఆయన నా ముఖం కూడా చూడలేదు. "ఇది పిలకలేసే జాతి కాదప్పా. ఒంటి చెట్టు. పువ్వేస్తాది, విత్తనమిస్తాది, సచ్చిపోతాది. విత్తనం తప్ప దోవలేదు," అన్నాడు.

ఆ క్షణాన చెప్పాల్సింది. చెప్పలేదు. పర్మనెంటు అయి అప్పటికి ఏడాదే. నా పేరు కూడా కొట్టేస్తారని భయం. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఆయన మాట నేను పూర్తిగా నమ్మలేదు. అరటి అన్నాక పిలక రాకుండా ఉంటుందా? రోజూ గోనె ఎత్తి చూసేవాణ్ణి. నెల అయింది. రెండో నెలకు మోడు మెత్తబడింది. ముట్టుకుంటే చెయ్యి లోపలికి పోయి, కుళ్ళు కంపు కొట్టింది. ఆ రోజు చేయి ఎంత కడిగినా వాసన పోలేదు.

గుంత చేసిన గడ్డ

నాగమ్మ గని కూలీల ఇళ్ళ లైన్లలో ఉండేది. బిడ్డలను క్యాసంబళ్ళిలో తమ్ముడి దగ్గర వదిలిందని, తాను చేలల్లో కూలికి పోతోందని తోటపని ఆడవాళ్ళు నా ముందరే చెప్పుకునేవాళ్ళు. వాళ్ళకు అనుమానం ఉందో లేదో తెలియదు. వినేటప్పుడు నేను తల వంచుకుని ఏదో ఒక మొక్క మొదట్లో మట్టి సర్దేవాణ్ణి.

శివరాత్రి దాటి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున నేనూ మేస్త్రీ మెట్టతామర దుబ్బులు విడదీస్తుంటే గేటు దగ్గర నాగమ్మ నిలబడింది. చేతిలో నూనె డబ్బా, అందులో జానెడు మొక్క. నాలుగు ఆకులు, అడుగున నెత్తురు ఎరుపు.

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆకు తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు.

"యాడ దొరికిందమ్మా ఇది?"

"నువ్వు గోడవతల పారేయించిన గడ్డే మేస్త్రీ. మా తానాల నీళ్ళు పారే గుంత కాడ పూడ్చి పెడ్తిని. నా పేరు చెడగొట్టిన గడ్డ నా ఇంటికాడే ఉండనీ అని. ఇంగ చూడు, ఒగటి కాదు, పదకొండు లేసినాయి."

"దీనికి పిలక రాదే!"

"నాకేం తెలుసు? గుంత తీసినా, అంతే. నీళ్ళు తక్కువైతా ఉంటే అడుగుదాకా గోకినా. గుండెకాయంతా తీసేసినా."

మేస్త్రీకి అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ఆ జాతి చెట్టు బలమంతా నడిమి మొగ్గలోనే ఉంటుంది. అది బతికున్నంత కాలం పక్కన పిలకలు లేచే కళ్ళు నిద్రపోతాయి. ఆ మొగ్గను అడుగంటా తీసేస్తే, గడ్డ తన చుట్టూ ఉన్న కళ్ళన్నీ తెరుస్తుంది. నేను మోకాలెత్తున నరికి, మొగ్గను లోపలే వదిలి, పేడ వేసి నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను. ఏ మందూ వేయని ఆమె గడ్డ పదకొండు పిల్లలను లేపింది. ముప్పై ఏళ్ళు తోటపని చేసిన మేస్త్రీకి తెలియని సంగతి, ముసలాయన ఉచ్చ మంట కోసం గుంత తీసిన ఆడమనిషి చేతిలో బయటపడింది.

"దీన్ని ఎందుకమ్మా తెచ్చినావు? దొంగిలించినావని మళ్ళీ అంటారే," అన్నాడు మేస్త్రీ.

"దొంగనైతే తెస్తానా మేస్త్రీ?"

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల వంచుకుని ఎలాగో ఆ పూట గడిపేసేవాణ్ణేమో. చూడకపోవడం భరించలేకపోయాను.

"మేస్త్రీ, కొట్టింది నేను," అన్నాను. షాఫ్టుకు ఇచ్చిన సంగతి, మోడు తీసుకోమన్న సంగతి, అన్నీ చెప్పాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి, అవి నా మీద జాలితో వచ్చినవేనని ఇప్పుడు తెలుసు.

మేస్త్రీ డబ్బాను గోడ నీడలోకి జరిపి పెట్టాడు.

"యెప్పుడు చెప్పాలనుకొంటివి?" అన్నాడు.

"పిలకలొచ్చినాక, మేస్త్రీ."

"ఇదో, వచ్చినాయి గదా," అని లేచి, నా రెక్క పట్టుకుని దొరగారి దగ్గరికి తీసుకుపోయాడు.

ఆ తరువాత

నన్ను దిబ్బల గుంపుకు మార్చారు. గాలికి సైనైడు పిండి ఇళ్ళ మీదికి లేవకుండా దిబ్బల మీద మొక్కలు నాటే పని. రెండు వేసవులు చేశాను. కళ్ళు మండేవి, నోట్లో ఎప్పుడూ పిండే. ఆ శిక్ష నాకు తక్కువే.

నాగమ్మను మళ్ళీ రమ్మన్నారు. అయితే మధ్యలో పని తెగింది కాబట్టి కొత్తగా చేరినట్టే లెక్క, ఆ ఉగాది జాబితా అప్పటికే పైకి పోయిందన్నారు. ఆమె ఆఫీసు మెట్ల మీద నిలబడి, "కొత్తగా చేరేదానికి నేను కొత్తదాన్నా?" అని అడిగింది. మెట్లు దిగి పోయింది. తిరిగి రాలేదు.

మేస్త్రీ రిటైరై పోయే రోజు ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగి, రెండు పిలకలు తీసుకుని కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళాను, మూడుసార్లు. మొదటి రెండుసార్లు తలుపు తెరవలేదు. మూడోసారి వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది.

"నువ్వు చెడ్డోడివి కాదులే అన్నా. నెల ఆగి చెప్తామనుకొంటివి. కానీ నువ్వు ఆగిన నెలలు నావి."

ఇంతకంటే సరిగా నా తప్పును ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

ఈ పనిలో చేరేవాళ్ళకు నా మాట ఇది. తెలియనిది తెలియదని చెప్పండి, అది సులువు. తెలుసనుకున్నదాన్నే ఎక్కువ అనుమానించండి. ఒక అరటి తెలిసినంత మాత్రాన ఇంకో అరటి తెలిసినట్టు కాదు. మేస్త్రీ చెప్పకపోతే పట్టుబట్టి అడగండి. మీరు మేస్త్రీలైతే అడగకముందే చెప్పండి. తప్పు జరిగిందా, ఆ పూటే చెప్పండి. చక్కబడ్డాక చెబుదామని ఆగితే, ఆగినంత కాలం ఇంకెవరో దాన్ని మోస్తుంటారు.

దొరసాని అరటి పిలకలు ఎలా తీయాలో కూడా చెప్పాలి కదా. పువ్వు వేయకముందే, తొడంత లావున్నప్పుడు నరకండి. గడ్డను తవ్వి తీసి, నడిమి మొగ్గను అడుగంటా గోకెయ్యండి. సగం మిగిలితే కుళ్ళుతుంది. గుంతలో మాగిన పేడ కలిపిన మట్టి నింపి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, జానెడు లోతున పూడ్చండి. తడి ఉండాలి, నీరు నిలవకూడదు. మూడు నెలలు ఆగండి. ఈ పద్ధతి నాది కాదు, మేస్త్రీది కాదు, నాగమ్మది.

గనులు మూతపడ్డాక బంగళా తోటలన్నీ ఎండిపోయాయి. ఎండనిది లైన్లలో నాగమ్మ పెరడు ఒక్కటే. బిడ్డలిద్దరినీ ఎప్పుడో తిరిగి తెచ్చుకుంది, ఆ పెరటి మీదే వాళ్ళను పెద్ద చేసింది. కోలారు నర్సరీలవాళ్ళు, వేమగల్ ఫ్యాక్టరీలవాళ్ళు దొరసాని అరటి కోసం ఆమె దగ్గరికే పోతారు. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళను కూడా నేను అక్కడికే తీసుకుపోతాను. ఆమె ముందుగా అడిగేది ఒకటే మాట.

"వీళ్ళకు చెప్పినావా అన్నా?"

చెప్పి ఉంటే మళ్ళీ చెప్పమంటుంది. చెట్లు నరికింది, అబద్ధమాడింది, అన్నీ ఆమె ముందరే చెబుతాను. కొత్తగా వింటున్నట్టు వింటుంది. మధ్యలో ఎక్కడైనా తప్పితే, "మేస్త్రీ వచ్చింది నాలుగో దినం కాదు, అయిదో దినం" అని దిద్దుతుంది. మొత్తం అయ్యాక లేచి, పిలక ఒకటి తవ్వి, వేరుకు తడి గోనె చుట్టి, వచ్చినవాళ్ళ చేతిలో పెడుతుంది.

మా పెరట్లో ఆ అరటి లేదు. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అడగలేదు. మొన్న ఒకామెను తీసుకుపోయినప్పుడు, ఆమెకు పిలక ఇచ్చి పంపించాక, నాగమ్మ గునపం పట్టుకునే నిలబడి అడిగింది.

"నీకొకటి వద్దా అన్నా?"

వద్దన్నాను. ఆమె బలవంతం చేయలేదు.